జిన్ను కాదని చెప్పలేదు

ఆ రోజు నేను చేసిన తప్పు నోరు తెరిచి చేసింది కాదు. తల ఊపాను, అంతే.

నిజామాబాద్‌లో పిల్లల డాక్టరమ్మ గది బయట, నా మనుమణ్ణి చంకనెత్తుకుని నిలబడిన వియ్యపురాలు గొంతు తగ్గించి అడిగింది. "అన్నా, పోరనికి జిన్ను పట్టిందంటున్నదా డాక్టరమ్మ?"

డాక్టరమ్మ అన్న మాట జీన్. వియ్యపురాలికి వినపడ్డది జిన్ను. నేను జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. జన్యువుల పాఠం ఏటేటా చెప్పినవాణ్ణి. "కాదు చెల్లె" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఔనన్నట్టు తల ఊపాను.

ఎందుకు ఊపానో ఆ క్షణంలోనే నాకు తెలుసు. మా దిక్కు హిందువుల ఇళ్లలో కూడా జిన్ను అనే దయ్యం కొత్త మాట కాదు. పసివాడు నిద్రలో ఉలికిపడినా, అన్నం మానేసినా దర్గా దగ్గర తాయెత్తు కట్టించుకొస్తారు. జిన్ను బయటి నుంచి వస్తుంది. పాడుబడ్డ గోడ పక్క నుంచో, నడిమధ్యాహ్నం నడిచిన తోవలోంచో వచ్చి ఎవరికైనా పడుతుంది. అందులో ఎవరి వంశానికీ మచ్చ లేదు. జీన్ అట్లా కాదు. అది రక్తంలో వస్తుంది. ఆ రక్తం ఎవరిదో నాకు అప్పటికే అర్థమైపోయింది.

వియ్యపురాలి వెనకాల నా కూతురు నిలబడి ఉంది. నేను తల ఊపడం చూసింది. నా మొహంలోకి ఒకసారి చూసి, కళ్లు దించుకుని, కొడుకు కాలికి ఊడిపోతున్న చెప్పు సరిచేసింది.

మా ఇంట్లో పెద్ద తల ఒక వేళాకోళం. నా పెళ్లికి తెచ్చిన తలపాగా సరిపోక, అప్పటికప్పుడు ఇంకో రుమాలు కలిపి చుట్టారు. కాలేజీలో పిల్లలు నా వెనకాల నన్ను గోలెం సార్ అనేవాళ్లు. వాకిట్లో నీళ్లు పట్టుకునే గోలెమంత తల అని. నాకు తెలుసు, తెలియనట్టు ఉండేవాణ్ణి. హెల్మెట్ కొనడానికి పోతే దుకాణం అతను మెట్టు నిచ్చెన వేసుకుని పైఅర నుంచి ఒక్కటే ఒక్కటి తీసి, "సార్, గిది కూడా పట్టకుంటే బకెట్టే" అన్నాడు. నేనూ నవ్వాను.

నా కూతురిది కూడా పెద్ద తలే, జుట్టు ఒత్తుగా ఉండడంతో ఎవరికీ అంతగా తెలియదు. దాన్ని బోధన్ దగ్గర ఒక ఊళ్లో, చెరుకూ వరీ పండించే ఇంటికి ఇచ్చాము. అల్లుడు మస్కట్‌లో పని చేస్తాడు. మనుమడు పుట్టినప్పుడు వియ్యపురాలు ముచ్చటపడి కుట్టించిన టోపీ నెల తిరగకముందే పట్టకుండా పోయింది. "తాత తలకాయొచ్చింది, తాత లెక్కనే సారైతడు" అని ఆమె ఊరంతా చెప్పుకున్నది. నేను ఎంత మురిసిపోయానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

మూడేళ్లు దాటినా పిల్లవాడికి మాటలు రాలేదు. పిలిస్తే తిరిగి చూడడు. ఫ్యాను రెక్కలు తిరుగుతుంటే వాటినే చూస్తూ కూర్చుంటాడు. నడక ఆలస్యం. చివరికి నేనే నిజామాబాద్‌కు తీసుకురమ్మన్నాను.

గదిలోకి ఇద్దరు పెద్దవాళ్లనే రానిస్తారు. వియ్యపురాలు బయట బల్ల మీద కూర్చున్నది. నేనూ కూతురూ లోపలికి పోయాము. డాక్టరమ్మ పిల్లవాడి తల చుట్టూ టేపు పెట్టి కొలిచింది. ఎక్కడో పొరపడ్డట్టు మళ్లీ కొలిచింది. అప్పుడు నా తల వైపు చూసింది. ఆ చూపులో నవ్వు లేదు. నా తల చూసి నవ్వు దాచుకునే మొహాలకు అలవాటు పడినవాణ్ణి, నవ్వే లేని ఆ మొహం చూసి భయపడ్డాను.

తర్వాత కూతుర్ని దగ్గరికి పిలిచి, "నీళ్లు మింగినట్టు చెయ్యమ్మా" అన్నది. మింగింది. గొంతు మీద ఒక పక్క రేగుపండంత ఉబ్బు పైకి లేచి కిందికి దిగింది. నా కన్నబిడ్డ గొంతు మీద, నేనెన్నడూ గమనించనిది.

"ఇదెప్పటి నుంచి?"

"తెల్వదు మేడమ్. నొస్తలేదు గదాని ఊకున్న."

డాక్టరమ్మ నన్నడిగింది. "సార్, మీ ఇంట్లో చిన్న వయసులో గొంతులోనో రొమ్ములోనో గర్భసంచిలోనో గడ్డలు వచ్చినవాళ్లు, క్యాన్సర్‌తో పోయినవాళ్లు ఉన్నారా? మీ అమ్మగారి వైపు, నాన్నగారి వైపు ఇద్దరి సంగతీ గుర్తు చేసుకోండి."

మా అమ్మ గుర్తుకొచ్చింది. గదిలో కూర్చున్నంతసేపూ ఆమె నా ఎదురుగా నిలబడ్డట్టే ఉంది. కానీ గోడ అవతల బల్ల మీద వియ్యపురాలు ఉంది. గోడ పలుచన, తలుపు సగం తెరిచి ఉంది.

"పాతకాలం మనుషులు మేడమ్, ఏ రోగంతో పోయారో ఎవరికి తెలుసు?" అన్నాను.

ఆమె నా మాట నమ్మినట్టే ఉంది. గొంతు తగ్గించి ఓపికగా చెప్పుకొచ్చింది. ఒంట్లో పెరుగుదలకు అడ్డు పట్టే జన్యువులు కొన్ని ఉంటాయని, అందులో ఒకదాంట్లో తేడా ఉంటే తల పెద్దదవుతుందని, మాట ఆలస్యమవుతుందని, అదే తేడా పెద్దయ్యాక గొంతులోనూ రొమ్ములోనూ గడ్డలకు దారి తీయొచ్చని. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు రావడానికి సగానికి సగం అవకాశమని. అంతలో పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. ఆ ఏడుపు విని వియ్యపురాలు తలుపు తోసుకుని వచ్చి వాణ్ణి ఎత్తుకున్నది. అప్పుడు డాక్టరమ్మ అన్న చివరి మాట ఒక్కటే ఆమె చెవిన పడింది.

"ఆ జీన్ గడబిడ చేసిందా లేదా రక్తం తీస్తేనే తెలుస్తది. శుక్రవారం రండి. అమ్మాయి గొంతుకు స్కానింగ్ కూడా ఆ రోజే చేద్దాం."

ఆ మాట విన్నాకే, బయటికి వచ్చి వియ్యపురాలు నన్ను అడిగింది. నేను తల ఊపింది అప్పుడే.

వాళ్లను బోధన్ బస్సు ఎక్కించి ఇంటికి వచ్చాను. నా భార్య వాకిట్లోనే ఎదురైంది. చెప్పుల మీదే నిలబెట్టి అంతా చెప్పించుకున్నది. విని, గడప మీద కూర్చున్నది.

"మీ అవ్వ సంగతి చెప్పినవా మరి?"

నేను వంగి చెప్పులు విప్పుకున్నాను.

"చెప్పలేదన్నట్టు. క్లాసుల పోరగాండ్లకైతె గంట కొట్టినా ఆపకుండ చెప్తుంటివి. ఇప్పుడు నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా?"

"వియ్యపురాలు పక్కనే ఉంది."

"ఉంటె? బిడ్డ గొంతు కంటె ఎక్కువనా నీ ఇజ్జత్?"

నేను లోపలికి పోయాను.

మా అమ్మది మోర్తాడ్ దిక్కు. పసుపు పండించే ఇల్లు. నేను ఇంటర్ చదువుతున్నప్పుడు ఆమె రొమ్ములో గడ్డ వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. పసుపు నూరి పట్టు వేసుకుని పైన కొంగు కప్పుకునేది. గడ్డ పగిలాక వాసన వస్తుందని మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. అప్పుడు మా చెల్లె బడికి పోయే పిల్ల. అమ్మ పోయిన తెల్లారి, వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చెప్పాలని బాపు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "కామెర్లయినయి, గంతే. పుండన్నవంటె నీ చెల్లెను ఎవడు చేసుకుంటడు?"

నేను కామెర్లనే చెప్పాను. చెల్లెకు కూడా అదే చెప్పాను. నా కూతురి సంబంధం మాట్లాడుకునేటప్పుడు వియ్యంకుడు మాటల్లో మాటగా "అవ్వ ఎట్ల పోయింది బావా?" అని అడిగితే, తడుముకోకుండా మళ్లీ అదే చెప్పాను. ఏళ్ల తరబడి చెప్పీ చెప్పీ, అదే నిజమన్నంత తేలికగా నోటికి వచ్చేది.

రెండు రోజులాగి కూతురికి ఫోన్ చేశాను. శుక్రవారం ఏ బస్సుకు వస్తారో కనుక్కుందామని.

"వస్తలేం బాపు," అన్నది. "అత్తమ్మ ముందు రోజే, జుమ్మెరాత్ నాడు చిన్నోన్ని దర్గకు తీస్కపోతదట. తాయెత్తు కట్టినంక కొన్నాళ్లు రక్తం తియ్యొద్దట."

"మరి నీ స్కానింగు?"

"నా గొంతుల గడ్డ గూడ దాని పనే అంటున్నది అత్తమ్మ. అది వాన్ని ఇడిచిపోతె నాది గూడ పోతదట."

"నువ్వు లోపలే ఉంటివి కదా బిడ్డా, అంతా విన్నవు కదా. జిన్ను కాదని చెప్పకపోయినవా?"

"నువ్వే ఔనన్నంక నేనేం చెప్త బాపు? నువ్వు సార్‌వి. ఏదో సోంచాయించే ఔనన్నవ్ అనుకున్న."

అప్పుడైనా "ఫోన్ మీ అత్తమ్మకివ్వు" అనాల్సింది. "సరే, చూద్దాం" అన్నాను.

ఆ తర్వాత నాకు భయం పట్టుకున్నది. నేను ఇన్నేళ్లు పాఠంగా చెప్పినదంతా ఒక్కొక్కటిగా ఇంట్లోకి నడిచి వచ్చింది. తల్లి కడుపులో మెదడు తయారయ్యేటప్పుడు అక్కడ మూలకణాలు ఉంటాయి. ఇంకా ఏ పనీ చేతబట్టని కణాలవి. ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతాయి. ఒక అదను చూసుకుని ఆ పెరగడం మాని, నరాల కణాలుగా మారి తమ చోట్లలో కుదురుకోవాలి. ఇంక చాలు అని వాటికి చెప్పే జన్యువుల్లో ఒకటి సగం బలంతో పనిచేస్తే, కణాలు ఆగాల్సిన చోట ఆగవు. కొన్ని ఎక్కువ పుడతాయి, కొన్ని ఉండాల్సిన దానికంటే పెద్దవవుతాయి, వాటి మధ్య అల్లుకునే దారులు చిక్కు పడతాయి. తల పెరుగుతుంది. మాట ఆ చిక్కులో ఎక్కడో ఆగిపోతుంది. మనుమడి టోపీ పట్టనప్పుడు మేమందరం నవ్వుకున్న సంగతి ఇదే.

అదే జన్యువు ఆ పని అయిపోయాక వెళ్లిపోదు. బతికినన్నాళ్లూ ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది. రక్తం తయారయ్యే చోట, ఊరికే లేవకుండా విశ్రాంతిగా ఉండాల్సిన మూలకణాలను ఉండనిస్తుంది. గొంతులో, రొమ్ములో, గర్భసంచిలో పెరుగుదలకు పగ్గం వేస్తుంది. ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. సైకిలుకు ముందొక బ్రేకు, వెనకొక బ్రేకు ఉన్నట్టు అని క్లాసులో చెప్పేవాణ్ణి. ఒకటి పుట్టుకతోనే తెగి ఉంటే రెండోదాని మీద నెట్టుకురావచ్చు. ఏదో ఒక రోజు, ఏదో ఒక కణంలో, ఆ రెండోది కూడా తెగితే? ఆ కణానికి ఆగమని గట్టిగా చెప్పేవాళ్లుండరు. పిల్లలు నోట్సు రాసుకునేవాళ్లు. నేను సుద్దముక్క దులుపుకునేవాణ్ణి.

ఇప్పుడు గడ్డం గీసుకుంటూ అద్దంలో గొంతు తడుముకుంటున్నాను. చిన్నప్పటి నుంచీ నా చిగుళ్ల మీద నువ్వు గింజల్లాంటి పొక్కులున్నాయి. వేడి చేసి వచ్చినవేలే అనుకునేవాణ్ణి. డాక్టరమ్మ చెప్పిన జన్యువు గురించి వెతికి చదివితే, ఆ పొక్కులు కూడా దాని గుర్తుల్లో ఒకటని ఉంది. చదివి ఫోన్ బోర్లా పెట్టాను. బజారులో కూరగాయలు కొంటుంటే ఎదురుగా ఉన్న మనుషుల గొంతులే కనిపించేవి. ఒక ఆమె నీళ్లు తాగుతుంటే అట్లాగే చూస్తూ నిలబడిపోయాను. ఆమె కొంగు సర్దుకుని నా వైపు కోపంగా చూసింది.

అయినా బోధన్ పోలేదు. చెబితే ఏమవుతుందో ఊహించుకునేవాణ్ణి. రోగమున్న పిల్లను అంటగట్టారని అంటారు. అల్లుడు మస్కట్ నుంచి ఫోన్ చేస్తాడు. కూతురూ మనుమడూ సంచులతో నా వాకిట్లో దిగుతారు. ఈ ఊహలన్నీ కూతురి కోసమే అనుకునేవాణ్ణి. అందులో సగం నా మొహం ఎట్లా చూపించాలన్న బాధ అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఒక రోజు కూతురే ఫోన్ చేసింది. "బాపు, చిన్నోడు తాయెత్తు కొరికి ఊడవీకిండు" అని నవ్వింది. ఆ నవ్వు దాని గొంతులా లేదు. బొంగురుగా, ఎక్కడో గీసుకుపోయినట్టు ఉంది.

"జలుబయిందా బిడ్డా?"

"లేదు బాపు. వారం సంది గిట్లనే ఉన్నది గొంతు."

నేను ఫోన్ పెట్టేసి చొక్కా వేసుకున్నాను. ఎక్కడికని నా భార్య అడగలేదు. బస్టాండు దాకా నాతో నడిచి వచ్చి, "ఈసారన్న నోరు తెరువు" అన్నది.

దారిలో చెరుకు ట్రాక్టర్ల వెనకాల బస్సు మెల్లగా పోయింది. నాకు ఆ ఆలస్యం హాయిగా ఉందని గమనించి నన్ను నేనే అసహ్యించుకున్నాను.

నేను పోయేసరికి వియ్యంకుడు వాకిట్లో బర్రెకు చెరుకు కొసలు నరికి వేస్తున్నాడు. మనుమడు గడ్డి మోపు పక్కన కూర్చుని ఒక ఆకును వేళ్ల మధ్య తిప్పుతున్నాడు. మెడలో మళ్లీ కట్టిన నల్లదారం తాయెత్తు. కూతురు చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

"ఏంది బావా, చెప్పకచెయ్యక వచ్చినవ్? కూసో," అన్నాడు వియ్యంకుడు, మంచం మీది పేళ్లు దులుపుతూ.

నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. కూర్చుంటే చాయ్ వస్తుంది, చాయ్ తాగితే వేరే ముచ్చట్లు వస్తాయి.

"చెల్లె, ఆ రోజు డాక్టరమ్మ చెప్పింది జిన్ను కాదు."

వియ్యపురాలు చేటలోని బియ్యం మీది నుంచి తల ఎత్తింది. "మరేంది అన్నా?"

"జీన్."

"గదే గద నేననేది, జిన్ను."

"కాదు చెల్లె. జీన్ అంటే, తెలుగుల జన్యువు."

వియ్యంకుడు కత్తి పక్కన పెట్టి నవ్వాడు. "జిన్నుకు తెలుగుల పేరు గూడ ఉన్నదా బావా? ఏం చదువులయ్యా మీయి!"

నవ్వాలనిపించలేదు. ఆయన ముందు పడి ఉన్న చెరుకు గడ ఒకటి చేతిలోకి తీసుకున్నాను. కణుపు దగ్గర చిన్న కన్ను, అణిగి ఉంది.

"గడ నిలబడి ఉన్నన్ని రోజులు గీ కన్ను మొలుస్తదా బావా?"

"ఎందుకు మొలుస్తది? కొస విరిగితెనో, ముక్క నరికి భూమిల పెడితెనో మొలుస్తది."

"అంటే మొలవొద్దని కొస దాన్ని ఆపుతున్నట్టే కదా. మనిషి ఒంట్ల గూడ అట్ల ఆపేది ఒకటి ఉంటది. పుట్టుకతోనే వస్తది. మన చిన్నోడు కడుపుల ఉన్నప్పుడు మెదడు పెరుగుడును అది సక్కగ ఆపలేదు. గందుకే తల గట్ల పెరిగింది, మాట రాలేదు."

"మరి కోడలి గొంతుల?"

"గొంతుల గూడ ఆపాల్సింది అదే. ఆపకుంటే గడ్డయితది. ఆ గడ్డ మంచిది కావచ్చు, కాకపోవచ్చు. తొందరగ చూడాలె."

వియ్యపురాలు చేట కింద పెట్టింది. "పుట్టుకతోని వస్తదంటున్నరు. ఎవలి దిక్కుకెల్లి వచ్చింది మరి?"

నేను ఇన్ని రోజులూ భయపడ్డ మాట అదే. అడిగేసింది. గుమ్మంలో కూతురు చాయ్ పళ్లెంతో నిలబడి ఉంది.

"నా దిక్కుకెల్లి," అన్నాను. "నా తల చూడు చెల్లె. మా అవ్వ కామెర్లతోని పోలేదు. రొమ్ముల గడ్డతోని పోయింది. పెండ్లప్పుడు మీకు అబద్ధం చెప్పిన. మొన్న డాక్టరమ్మకు గూడ తెల్వదన్న. నువ్వు జిన్నా అంటే ఔనన్న."

కూతురికి కూడా తన నానమ్మ సంగతి తెలియడం అప్పుడే. పళ్లెం అరుగు మీద పెట్టి, కొడుకు పక్కకు పోయి కూర్చున్నది.

వియ్యపురాలు లేచింది. ఆమె నన్ను ఎప్పుడూ "మీరు" అనే పిలిచేది. ఆ రోజు మొదటిసారి "నువ్వు" అన్నది.

"నువ్వు సార్‌వేనా? నేనంటె సదువు రానిదాన్ని, జిన్నన్న. నువ్వెట్ల తల ఊపినవ్? నీ తల ఊపుడుకు నా కోడలు గిన్ని దినాలు గొంతుల గడ్డ పెట్టుకోని వండిపెట్టింది నాకు! దాని గొంతు బొంగురువోయింది, చన్నీళ్లు తాగుతున్నవని నేనే తిట్టిన. రేపు దానికేమన్న అయితె నా కొడుక్కు నేనేం మొఖం చూపెట్టాలె?"

"మా మీద కోపముంటే..." అని ఏదో మొదలుపెట్టాను.

"కోపం లేకుంట ఎట్లుంటది? ఉంటది. చచ్చెదాక ఉంటది." అని కోడలి వైపు తిరిగింది. "చీర మార్చుకో. పోరనికి అంగి తొడుగు. ఇయ్యాలనే పోదాం."

వియ్యంకుడు మెల్లగా అడిగాడు. "మరి తాయెత్తు?"

"తాయెత్తు దాని కాడ అది ఉంటది. రక్తం గూడ తీపిద్దం. నీకేమన్న బరువా?"

నేను భయపడ్డది వాళ్లు నా బిడ్డను వదిలేస్తారని. "నా కోడలు" అన్న మాట ఆమె నోట విన్నప్పుడు, ఆ మనిషిని నేను ఎంత తక్కువగా లెక్కేశానో తెలిసింది. బస్సులో ఆమె నా పక్క సీటు ఖాళీగా ఉన్నా పోయి వెనకాల కూర్చున్నది.

డాక్టరమ్మ ముందు, వియ్యపురాలు వింటుండగానే, మా అమ్మ గడ్డ సంగతి మొదటి నుంచీ చెప్పాను. చిగుళ్లు చూపించాను. మొదట నా రక్తమే తీయమని చెయ్యి చాపాను. తర్వాత కూతురిది, మనుమడిది తీశారు. గొంతు స్కానింగ్ చేశారు, గడ్డలోకి సన్నటి సూది గుచ్చి కొన్ని కణాలు తీశారు. ఆ ఫలితం వచ్చేదాకా గడిచిన రోజుల గురించి రాయడానికి నాకు ధైర్యం లేదు. అన్నం ముద్ద గొంతు దిగుతుంటే, దిగుతున్నదని నాకు తెలిసేది. అంతే చెప్పగలను.

చెడ్డ గడ్డే. దానంతట అది నెమ్మదిగా పెరిగే రకమని, పక్కకు పాకకముందే దొరికిందని పెద్ద డాక్టర్లు చెప్పి ఆపరేషన్ చేశారు. గొంతు గ్రంథి మొత్తం తీసేశారు. కూతురి మెడ మీద ఇప్పుడొక గీత ఉంది. రోజూ పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుంటుంది. గొంతు చాలావరకు మళ్లీ వచ్చింది, గట్టిగా పిలిస్తే మాత్రం చివర్లో చీలుతుంది. తొందరగా వెళ్లి ఉంటే ఆ చీలిక కూడా ఉండేది కాదేమో అని నేను డాక్టర్ని అడగలేదు. అడిగితే ఏమంటాడో అన్న భయం.

జన్యువు ఫలితం తర్వాత వచ్చింది. ముగ్గురికీ ఉంది. నాకు, నా బిడ్డకు, నా మనుమడికి. ఉన్నంత మాత్రాన అన్ని గడ్డలూ వస్తాయని కాదు అని డాక్టరమ్మ చెప్పింది. ఏటేటా చూపించుకోవాలి, కూతురు రొమ్ములూ గర్భసంచీ విడవకుండా పరీక్ష చేయించుకోవాలి, పిల్లవాడి గొంతును చిన్నప్పటి నుంచే కనిపెట్టుకోవాలి. ఇంక ఈ భయం మా ఇంట్లోనే ఉంటుంది. వాడిప్పుడు మాటలు నేర్పే ఆమె దగ్గరికి పోతున్నాడు. "పాలు" అంటాడు. "బర్రె" అంటాడు. తాత అనడు. నేను అడగను.

మస్కట్‌లో ఉన్న అల్లుడికి నేనే ఫోన్ చేసి చెప్పాను, మధ్యలో ఎవరినీ పెట్టుకోలేదు. విన్నంతసేపు విని, "నాకు సోంచాయించుకునేందుకు టైమియ్యు మామా" అన్నాడు. ఇచ్చాను. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడడు. నా బిడ్డకు మాత్రం రోజూ ఫోన్ చేసి మాత్ర వేసుకున్నావా అని అడుగుతాడట.

ఇక మిగిలింది మా చెల్లె. దానికీ సగానికి సగం అవకాశం. దానిది నందిపేట్. ఇద్దరు ఆడపిల్లలు. ఫోన్లో చెప్పే సంగతి కాదని పొద్దున్నే బయలుదేరి పోయాను. వాకిట్లో కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"ఏందన్నా, చెప్పకుంట దిగినవ్? వదినతోని లొల్లి పెట్టుకున్నవా?" అని నవ్వింది.

"లేదు. అవ్వ సంగతి ఒకటి చెప్పాలె నీకు."

"అవ్వదేంది ఇప్పుడు? కామెర్లతోని పోయి ఎన్నేండ్లాయె!"

"కామెర్లు కాదు చెల్లె."

దాని చేతిలో సగం చుట్టిన ఆకు అట్లాగే ఉండిపోయింది. నేను దాని ఎదురుగా నేల మీద కూర్చుని, అమ్మ కొంగు కింద పసుపు పట్టు నుంచి మొదలుపెట్టి, తల ఊపిన రోజు దాకా ఏదీ దాచకుండా చెప్పాను. అది ఏడవలేదు. కోప్పడనూ లేదు. ఒకసారి తన గొంతు తడుముకున్నది. "నన్ను దగ్గరికి రానియ్యకపోతుండె, నా మీద ప్రేమ లేదనుకున్న ఇన్నేండ్లు" అన్నది.

చేటను చూరు కింద పెట్టి చేతులు కడుక్కున్నది. కూతుళ్లిద్దరికీ ఫోన్ చేసి, సాయంత్రానికి ఇంటికి రమ్మన్నది. నేను అక్కడే ఆగిపోయాను. వాళ్లు వచ్చాక వాళ్లిద్దరికీ కూడా నేనే చెప్పాను. మరుసటి రోజు ముగ్గురినీ వెంటబెట్టుకుని నిజామాబాద్ బస్సెక్కాను.